ఇంట్లో పిజ్జా చేస్తే నిజంగా ఎంత మిగులుతుంది? కొలతలు, చీజ్ లెక్క, ఓటీజీ చిట్కాలు

#1 హన్మకొండ వంటిల్లు

నలుగురున్న ఇంటికి రెండు మీడియం పిజ్జాలు తెప్పిస్తే డెలివరీ, ప్యాకింగ్ కలిపి బిల్లు తేలిగ్గా వెయ్యి దాటుతోంది. ఇంట్లో 28 లీటర్ల ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది, గరిష్ఠం 250 డిగ్రీలు. తెలిసినవాళ్లు మూడు విషయాలు చెప్పండి. 10 అంగుళాల పిజ్జా ఇంట్లో చేసుకుంటే కరెంటుతో సహా ఎంత పడుతుంది? కిరాణా కొట్టు మైదాతో కుదురుతుందా? అడుగు మెత్తగా, పచ్చిగా ఉండిపోకుండా ఏం చేయాలి? పిజ్జా స్టోన్ లాంటివి కొత్తగా కొనే ఉద్దేశం లేదు. కొలతలు గ్రాముల్లో చెబితే మంచిది.

#2 పిండిలెక్క

ఒక్క పిజ్జా కోసం ఓవెన్ వెలిగిస్తే లెక్క కలిసిరాదు. నాలుగు ఒకేసారి చేస్తే ఇలా పడుతుంది:

మైదా 500 గ్రాములు, కిలో 50 చొప్పున 25 రూపాయలు. ఈస్ట్, ఉప్పు, పంచదార, నూనె అన్నీ కలిపి 6. సాస్ 260 గ్రాములు, టమాటా కిలో 30 ఉన్నప్పుడు వెల్లుల్లి, నూనెతో కలిపి 30. మొజరెల్లా 360 గ్రాములు, అంటే పిజ్జాకు 90, కిలో 550 చొప్పున 198. ఉల్లి, క్యాప్సికమ్, స్వీట్‌కార్న్‌కు 40. ఒరెగానో, ఎండుమిర్చి తునకలకు 10. 1500 వాట్ల ఓటీజీ అరగంట వేడెక్కడానికి, దాదాపు గంట కాల్చడానికి. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతూ ఉంటుంది కాబట్టి సుమారు ఒకటిన్నర యూనిట్. యూనిట్ 8 అనుకుంటే 12 రూపాయలు.

మొత్తం 321. ఒక్కోటి 80 రూపాయలు. మీ ఊరి ధరలు పెట్టి మార్చుకోండి, నిష్పత్తి మాత్రం పెద్దగా మారదు.

ఆ 321లో చీజ్ ఒక్కటే 198, అంటే 62 శాతం. మైదా ఏ బ్రాండు, ఏ నూనె అని ఎంత తర్జనభర్జన పడ్డా మిగిలేది రూపాయో రెండో. పొదుపు అనేది చీజ్ కొనే పద్ధతిలో, చీజ్ వేసే కొలతలో ఉంది. ఆ తర్వాత ఓవెన్ ఒక్కసారి వెలిగించి ఎన్ని కాలుస్తాం అన్నది.

సైజు సంగతి కూడా చూసుకోండి. చాలా షాపుల్లో రెగ్యులర్ అంటే 7 అంగుళాలు, మీడియం అంటే 10. 7 అంగుళాల పిజ్జా వైశాల్యం 38 చదరపు అంగుళాలు, 10 అంగుళాలది 78. అంటే రెండు రెగ్యులర్లు కలిస్తే ఒక మీడియం. పోల్చేటప్పుడు పక్కపక్కన పెట్టాల్సింది వైశాల్యాన్ని.

#3 మీటర్ రీడింగ్

కరెంటు గురించి రెండు ముక్కలు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వచ్చేవాళ్లు నెలాఖరులో మీటర్ చూసుకుని ఓటీజీ పెట్టండి. 195 దగ్గర ఉన్నప్పుడు నాలుగైదు సార్లు ఓవెన్ వాడి 200 దాటించారంటే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. అప్పుడు పిజ్జాలో మిగిల్చింది అంతా అక్కడ పోతుంది.

రెండోది భద్రత. 1500 వాట్ల ఓటీజీ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫోన్ ఛార్జర్ పెట్టే మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కు, సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు అది ఎక్కువే. గీజర్, ఏసీ పెట్టే 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. ప్లగ్గు పట్టుకుంటే వేడిగా తగిలితే అక్కడితో ఆపేయండి.

#4 పిండిలెక్క

పిండి కొలత. 10 అంగుళాల పిజ్జాలు నాలుగు:

మైదా 500 గ్రాములు, నీళ్లు 300, ఉప్పు 10, నూనె 15, పంచదార 5, ఇన్‌స్టంట్ ఈస్ట్ 2 గ్రాములు. మొత్తం 832 వస్తుంది, ఒక్కో ముద్ద 208. త్రాసు లేకపోతే ఉప్పు సుమారు ఒకటిన్నర టీస్పూన్లు, ఈస్ట్ ముప్పావు టీస్పూన్ కంటే కాస్త తక్కువ. మైదాను మాత్రం కప్పులతో కొలవకండి. కప్పును అదిమి నింపితే ఒక లెక్క, వదులుగా పోస్తే ఒక లెక్క. వంటింటి త్రాసు ఒక్కటే ఇందులో కొనదగ్గ వస్తువు.

కిరాణా మైదా సరిపోతుంది. ప్యాకెట్ వెనక ప్రోటీన్ చూడండి. 100 గ్రాములకు 10 గ్రాములు ఉంటే హాయిగా పని జరుగుతుంది. మన మైదా విదేశీ బ్రెడ్ ఫ్లోర్ అంత నీళ్లు తాగదు. ఇటాలియన్ వంట వీడియోల్లో మైదా బరువులో 70 శాతం నీళ్లు అంటారు, అది మన మైదాకు పెడితే చేతికంతా అంటుకుని ముద్ద కట్టదు. 60 దగ్గర మొదలుపెట్టండి.

పంచదార, నూనె ఎందుకంటే ఇటలీలోని నేపుల్స్ పద్ధతి కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటుతుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో తేలిపోతుంది. అక్కడ ఈ రెండూ అక్కర్లేదు. మన 250 డిగ్రీల్లో 8, 9 నిమిషాలు పడుతుంది కాబట్టి రంగు రావడానికి కాస్త పంచదార, ఎండి గట్టిపడకుండా కాస్త నూనె కావాలి.

కలిపే తీరు: నూనె, ఉప్పు తప్ప మిగతావన్నీ కలిపి, పొడిపిండి కనిపించకుండా చేసి 20 నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. ఆ నానిన టైములోనే పిండి సగం పని అదే చేసుకుంటుంది. తర్వాత ఉప్పు, నూనె వేసి 6, 7 నిమిషాలు మర్దించాలి. కొంచెం పిండి తీసుకుని వేళ్లతో పలచగా సాగదీస్తే వెలుతురు కనిపించేంత పొర రావాలి, చిరగకూడదు. నాలుగు ముద్దలు చేసి, నూనె రాసిన డబ్బాల్లో మూతపెట్టి 24 నుంచి 48 గంటలు ఫ్రిజ్‌లో. కాల్చే ముందు గంట, గంటన్నర బయట పెట్టండి.

#5 గట్టుమీద గోదారి

రాజమండ్రి ఎండల్లో వంటింట్లో 38 డిగ్రీలుంటుంది. పిండి మర్దిస్తుండగానే పొంగుతుంది, ఫ్రిజ్‌లో పెట్టినా మర్నాటికి పుల్లటి వాసన, జావలా సాగుతుంది. ఈస్ట్ ఎంత తగ్గించాలి?

#6 పిండిలెక్క

ఈస్ట్ సగానికి తగ్గించండి, 500 గ్రాములకు 1 గ్రాము. కానీ అసలు మందు నీళ్ల చల్లదనమే. కలిపేసరికి పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. చేత్తో కలిపేటప్పుడు లెక్క సులువు: 78లోంచి గది వేడిని, పిండి వేడిని తీసేయండి, మిగిలింది నీళ్ల వేడి. గదీ పిండీ 30 ఉంటే 18 డిగ్రీల నీళ్లు. 36 ఉంటే 6 డిగ్రీలు, అంటే ఫ్రిజ్ నీళ్లు. 38 దాటితే 2 డిగ్రీలు రావాలి, మంచు ముక్కలు వేసి తూకం వేసుకోండి, మైదా కూడా ముందు రోజే ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇంకొకటి. ఎండాకాలంలో మర్దించాక బయట పొంగనివ్వడం మానేయండి. వెంటనే ముద్దలు కట్టి ఫ్రిజ్‌లోకి. 800 గ్రాముల పిండిని ఒకే గిన్నెలో పెడితే నడిమధ్య చల్లబడటానికి గంటలు పడుతుంది, ఆ లోపు అది పులిసిపోతుంది. 208 గ్రాముల ముద్దలైతే త్వరగా చల్లబడతాయి. చాలామందికి ఫ్రిజ్‌లో పెట్టినా పులవడానికి కారణం ఇదే.

చలికాలం హైదరాబాద్‌లో వంటిల్లు 22 ఉన్నప్పుడు మాత్రం 34 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు, 2 నుంచి 2.5 గ్రాముల ఈస్ట్. వేడినీళ్లు పోయకండి, 55 దాటితే ఈస్ట్ చస్తుంది.

#7 ఇనుప పెనం

ఓటీజీలో అడుగు పచ్చిగా ఉండటానికి కారణం దానితో వచ్చే పలచటి అల్యూమినియం ట్రే. అందులో దాచుకున్న వేడి ఉండదు. చల్లటి పిండి పడగానే ట్రే చల్లబడుతుంది, మళ్లీ వేడెక్కే లోపు పైన చీజ్ మాడిపోతుంది.

కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. దోసెల ఇనుప పెనం, పోత పోసిన బరువైనది, ప్లాస్టిక్ పిడి లేనిది ఓటీజీలో కింది నుంచి మొదటి ర్యాక్ మీద బోర్లించి పెట్టండి. పై, కింది రాడ్లు రెండూ ఆన్ చేసి 250 దగ్గర పూర్తిగా 30 నిమిషాలు వేడెక్కించాలి. లైటు ఆరిపోగానే రెడీ అనుకోకండి. ఆ లైటు గాలి వేడిని చెబుతుంది, పెనం వేడిని కాదు. పెనం చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, లేదంటే పైకి గాలి ఆడదు.

జార్చడానికి చెక్క పార కూడా అక్కర్లేదు. అంచులేని స్టీలు పళ్లెం వెనక భాగం గానీ దళసరి అట్టముక్క గానీ తీసుకుని దానిమీద బొంబాయి రవ్వ ఒక చెంచా చల్లి, సాగదీసిన పిండి దానిమీద వేయండి. మైదా చల్లితే పెనం మీద మాడి చేదు వస్తుంది, రవ్వ మాడటానికి టైము పడుతుంది. సాస్ వేసే ముందు పళ్లెం ఒకసారి ఊపి చూడండి. పిండి కదలకపోతే అంచు లేపి కింద ఇంకాస్త రవ్వ చల్లాలి. సాస్ వేశాక అంటుకుంటే ఇక కాపాడలేం.

సాస్ ఒక్కటే వేసి 4 నిమిషాలు కాల్చండి. పటకారుతో పళ్లెంలోకి లాగి తలుపు వెంటనే మూసేయండి. చీజ్, కూరముక్కలు వేసి మళ్లీ 4, 5 నిమిషాలు. ఓటీజీ చిన్నది, పై రాడ్ చీజ్‌కు మరీ దగ్గర. ఇలా రెండు విడతలుగా కాలిస్తేనే అడుగూ చీజూ ఒకేసారి తయారవుతాయి. ఒక పిజ్జాకు మరో పిజ్జాకు మధ్య పెనం 6 నుంచి 8 నిమిషాలు తిరిగి వేడెక్కాలి. రెండోది సరిగా రాలేదనే ఫిర్యాదులన్నీ ఈ విరామం ఇవ్వకపోవడం వల్లే.

#8 తాండూరు రాయి

పెనం బదులు ఇంట్లో మిగిలిన కడప బండ ముక్కో, గ్రానైట్ ముక్కో పెట్టొచ్చా? రెండూ బరువే కదా.

#9 ఇనుప పెనం

వద్దండి. కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ మూడూ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. ఆ పొరల మధ్య తేమ ఉంటుంది. 250 డిగ్రీల్లో ఆ తేమ ఆవిరై బయటికి రాలేక రాయి చిట్లుతుంది, ముక్కలు ఎగిరిపడే ప్రమాదం ఉంది. గ్రానైట్ వంటింటి గట్టుకు వేసేదైతే పాలిష్‌లో రెజిన్, మైనం లాంటివి పట్టించి ఉంటారు, తిండి తగిలే చోట అది మంచిది కాదు. ఇనుముకు ఈ బాధలేవీ లేవు, పైగా రాయి కన్నా త్వరగా వేడిని పిండికి ఇస్తుంది.

నాన్‌స్టిక్ పెనం కూడా ఖాళీగా ఓవెన్‌లో పెట్టకండి. 260 దాటితే ఆ పూత చెడిపోవడం మొదలవుతుంది. ఓటీజీ 250 అని చూపించినా రాడ్ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంటుంది.

#10 చీజ్ లేబుల్

పిండిలెక్క గారు అన్నట్టు అసలు బిల్లు చీజ్‌దే కాబట్టి కాస్త వివరంగా.

ముందు ప్యాకెట్ వెనక చదవండి. మొజరెల్లా అయితే పదార్థాల్లో పాలు, ఉప్పు, ఎంజైమ్, కల్చర్ (తోడు) ఉంటాయి, ముక్కలుగానో తురుముగానో ఉంటే అంటుకోకుండా కాస్త పిండిపదార్థం. పామోలిన్ గానీ ఎడిబుల్ వెజిటబుల్ ఆయిల్ గానీ ముందు వరసలో కనిపిస్తే అది అనలాగ్, అంటే పాల కొవ్వు బదులు నూనెతో చేసిన చీజ్ లాంటిది. కిలో ధర బాగా తక్కువని కొంటే కాల్చగానే నూనె తేలుతుంది, చల్లారితే రబ్బరు ముక్క. ప్రాసెస్డ్ చీజ్ అంటే క్యూబులు, స్లైసులు. వాటిలో ఐఎన్‌ఎస్ 331, 339 లాంటి ఎమల్సిఫైయర్లు (కొవ్వునూ నీటినీ విడిపోకుండా కలిపి ఉంచేవి) ఉంటాయి, కరుగుతుంది గానీ సాగదు. అది రుచి కోసం పిజ్జాకు 15 గ్రాములు కలపొచ్చు, మొత్తం దానితోనే చేయలేం.

కొనేటప్పుడు 200 గ్రాముల ప్యాకెట్, కిలో ప్యాకెట్ రెండింటి ధరనూ 100 గ్రాములకు మార్చి చూడండి. కిలోది ఎప్పుడూ గణనీయంగా తక్కువ పడుతుంది. బేకరీ సామాన్లు అమ్మే హోల్‌సేల్ కొట్లలో ఇంకా తగ్గుతుంది, కానీ వాళ్ల దగ్గర ఫ్రీజర్ ఉందా, ప్యాకెట్ గట్టిగా చల్లగా ఉందా చూసుకుని తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చీజ్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత రేట్లు గుర్తుపెట్టుకుని లెక్క వేసేవాళ్లు మళ్లీ చూసుకోండి.

కిలో దిమ్మ తెచ్చిన రోజే తురిమి, 90 గ్రాముల చొప్పున చిన్న కవర్లలో గాలి తీసేసి, పలచగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. మూడు నెలలు బాగుంటుంది. దిమ్మగానే గడ్డకట్టిస్తే కరిగాక పొడిపొడిగా విరిగిపోతుంది, తురమడం కష్టం. వాడేటప్పుడు కరిగించొద్దు, గడ్డగా ఉన్న తురుమే నేరుగా పిజ్జా మీద చల్లండి. చల్లగా ఉన్న చీజ్ నెమ్మదిగా కరుగుతుంది, ఓటీజీ పై రాడ్ కింద త్వరగా ఎర్రబడదు.

90 గ్రాములు తక్కువ అనిపిస్తే, చల్లే తీరు మార్చి చూడండి. మధ్యలో కుప్ప పోయకుండా అంచు వైపు ఎక్కువ, మధ్యలో తక్కువ వేయండి. కరిగిన చీజ్ మధ్యకే జారుతుంది. 10 అంగుళాలకు 110 దాటితే రుచి పెరగదు, నూనె మాత్రం తేలుతుంది, అడుగు మెత్తబడుతుంది. ఎక్కువ చీజ్ వేస్తే మంచి పిజ్జా అనే భావన ఒక్కటి వదిలిపెడితే నెల ఖర్చు స్పష్టంగా తగ్గుతుంది.

#11 నెల్లూరు లక్ష్మి

ఇంట్లోనే గేదె పాలతో, వెనిగర్‌తో మొజరెల్లా చేసుకుంటే కిలో 550 కూడా మిగులుతుంది కదా?

#12 చీజ్ లేబుల్

లక్ష్మి గారూ, లెక్క చూడండి. ఆవు పాలు లీటరుకు సుమారు 100 గ్రాముల మొజరెల్లా వస్తుంది, గేదె పాలైతే ఇంకొంచెం ఎక్కువ. లీటరు 70, 80 పెట్టి కొన్న పాలతో 100 గ్రాములు చేస్తే కిలోకు 700 దాటుతుంది, గ్యాసు, శ్రమ అదనం. ఇంట్లో పాడి ఉన్నవాళ్లకు తప్ప ఇందులో పొదుపు లేదు.

పైగా వెనిగర్‌తో చేసింది కరుగుతుంది గానీ ఎక్కువ నీళ్లు పట్టి ఉంటుంది, పిజ్జా మీద చెమ్మ వదులుతుంది. టెట్రా ప్యాక్‌లో వచ్చే యూహెచ్‌టీ పాలతో అయితే అసలు సాగే ముద్దే రాదు, అంత వేడి చేసిన పాలలో ప్రోటీన్ గుణం మారిపోతుంది. ఇంట్లో చేసుకుంటే కలిసొచ్చేది పనీర్. అది కూరముక్కల్లో భాగంగా వాడండి, చీజ్ స్థానంలో కాదు.

#13 మదనపల్లె టమాటా

సాస్ సంగతి. సీసా సాస్‌లు, కెచప్ వాడకండి. కెచప్‌లో పంచదార ఎక్కువ, ఓవెన్‌లో మాడుతుంది, తీపి మిగులుతుంది.

హైబ్రిడ్ టమాటా, కోడిగుడ్డు ఆకారంలో గట్టిగా, కండ ఎక్కువగా ఉన్నది తీసుకోండి. నాటు టమాటా పులుసుకు, చారుకు ప్రాణం గానీ ఇక్కడ నీళ్లు, గింజలు ఎక్కువ. అది ఉడికి చిక్కబడేసరికి గ్యాసు అయిపోతుంది, పులుపు తగ్గడానికి కిలోకు ఒక చెంచా పంచదార కావాలి.

కిలో టమాటాకు రెండు చెంచాల నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి 8 రెబ్బలు, ఉప్పు 6 గ్రాములు. మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి తొక్క తీసి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి. మెత్తగా రుబ్బితే గింజలు నలిగి చేదు వస్తుంది. వెడల్పాటి మూకుడులో మూత లేకుండా 400 గ్రాములకు దిగేదాకా ఉడికించాలి. గరిటెతో అడుగున గీత గీస్తే రెండు సెకన్లు గీత నిలవాలి. అంతకన్నా పలచగా ఉంటే పిజ్జా మధ్య భాగం తడిసిపోతుంది. 65 గ్రాముల చొప్పున ఆరు పిజ్జాలకు వస్తుంది. సాస్ పూర్తిగా చల్లారాక వేయాలి, వేడిగా వేస్తే పిండి అక్కడికక్కడే జిగురవుతుంది.

మార్కెట్‌లో రేటు పడిపోయిన వారంలో ఐదారు కిలోలు ఒకేసారి చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. టమాటా 80, 100 ఎక్కినప్పుడు ఆ రోజు కొని చేయడం కన్నా టెట్రా ప్యాక్ టమాటా ప్యూరీ చవక, దాన్నే కాస్త చిక్కబరచండి.

ఎండుమిర్చి తునకలకు ప్యాకెట్లు కొనొద్దు. గుంటూరు సన్నం, బ్యాడిగి సగం సగం తీసుకుని ఎండలో పెట్టి మిక్సీలో రెండు పల్సులు. సన్నం కారానికి, బ్యాడిగి రంగుకు. ఒరెగానో అయిపోతే సాస్‌లో పావు చెంచా వాము నలిపి వేయండి. వాసననిచ్చే పదార్థాలైన వాములోని థైమోల్, ఒరెగానోలోని కార్వక్రాల్ దగ్గరి చుట్టాలు. ఎక్కువైతే మాత్రం అజీర్తి కషాయం వాసన వస్తుంది.

#14 మేడమీద తోట

ఆ వరసలోనే ఒకటి. పిజ్జా మీద వేసే బాసిల్ చిన్న కట్ట సూపర్ మార్కెట్‌లో ఖరీదు. కిరాణాలో దొరికే సబ్జా గింజలు కుండీలో చల్లండి. సబ్జా మొక్క, ఆ బాసిల్ ఒకే జాతివి, మన దగ్గర రుద్రజడ అంటారు. వాసన ఇటాలియన్ రకం కన్నా కాస్త ఘాటు. పూజ తులసి వేరే మొక్క, దాని లవంగం వాసన సాస్‌తో కలవదు. ఆకు కాల్చాక వేయాలి, ముందే వేస్తే నల్లబడుతుంది.

#15 హాస్టల్ స్టవ్

ఓవెన్ లేనివాళ్ల సంగతి? గ్యాస్ మీద పెనంతో చేస్తే పైన చీజ్ కరగదు, కింద మాడుతుంది.

#16 ఇనుప పెనం

పెనం మీద బాగా వస్తుంది, ఓవెన్ కన్నా చవక కూడా. పెద్ద బర్నర్ గంటకు 150 నుంచి 200 గ్రాముల గ్యాసు తాగుతుంది. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుంటే, 9 నిమిషాల పిజ్జాకు పడేది రెండు రూపాయల లోపే.

ముద్ద 170 గ్రాములు చాలు, 9 అంగుళాలకు పలచగా చేయండి. ఇక్కడ అప్పడాల కర్ర వాడొచ్చు, పెనం మీద ఎలాగూ అంచు పొంగదు. ఫోర్కుతో అంతా గుచ్చండి. పెనం బాగా వేడెక్కాక పిండి వేసి మధ్య మంట మీద ఒకటిన్నర నిమిషం, బుడగలు రాగానే తిప్పి అర నిమిషం, దించేయండి. ఇప్పుడు ఎర్రగా కాలిన వైపు పైకి ఉంచి దానిమీద సాస్, చీజ్, ముందే వేయించిన కూరముక్కలు పెట్టండి. కాలిన వైపు సాస్‌ను పీల్చదు, అందుకే ఈ తిరగేత. మళ్లీ పెనం మీద పెట్టి, మంట పూర్తిగా తగ్గించి, గోపురంలా లోతైన మూత పెట్టండి. పలకగా ఉన్న మూత చీజ్‌కు తగిలి ఊడి వస్తుంది. అంచున అర చెంచా నీళ్లు చిలకరించి వెంటనే మూస్తే ఆవిరికి చీజ్ 4 నిమిషాల్లో కరుగుతుంది. చివరి అర నిమిషం మూత తీసి చెమ్మ పోనివ్వండి.

చీజ్ మీద ఎర్ర మచ్చలు మాత్రం రావు, పై నుంచి సెగ లేదు కదా.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కూడా అడుగును ఇలాగే పెనం మీద కాల్చి, 200 దగ్గర కన్వెక్షన్‌లో 6 నిమిషాలు పెట్టండి. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో పెడితే అంచు తోలులా సాగుతుంది. ఎయిర్‌ఫ్రయర్ అయితే 7 అంగుళాలే పడుతుంది, ఫ్యాన్ గాలికి తురుము ఎగిరి కాయిల్‌కు అంటుకుంటుంది. చీజ్ కింద కూరముక్కలు కాకుండా, కూరముక్కల కింద చీజ్ పెట్టండి.

#17 డల్లాస్ తెలుగు

అమెరికాలో ఉన్నవాళ్లకు పై కొలతల్లో మార్పులు: బ్రెడ్ ఫ్లోర్‌లో ప్రోటీన్ ఎక్కువ, కింగ్ ఆర్థర్‌ది 12.7 శాతం. నీళ్లు 64 శాతం పెట్టండి, 500 గ్రాములకు 320. ఇక్కడి ఇంటి ఓవెన్లు చాలావరకు 550 ఫారన్‌హీట్, అంటే 288 డిగ్రీల దాకా వెళ్తాయి కాబట్టి రెండు విడతల పద్ధతి అక్కర్లేదు, అన్నీ వేసి 6, 7 నిమిషాలు. చీజ్ తురిమి ఉన్నది కాకుండా లో మాయిశ్చర్ హోల్ మిల్క్ (తేమ తక్కువ, వెన్న తీయని పాలది) మొజరెల్లా దిమ్మ కొని తురుముకోండి. తురిమిన ప్యాకెట్‌లో పిండిపదార్థమో సెల్యులోజో చల్లి ఉంటుంది, సరిగా కలిసి కరగదు.

#18 పాత గోధుమ

మైదా పూర్తిగా వద్దనుకునేవాళ్లకు: 30 శాతం చక్కీ ఆటా, 70 శాతం మైదా దాకా తేడా పెద్దగా తెలియదు. సగం సగం కూడా కుదురుతుంది, దళసరిగా వస్తుంది. పూర్తిగా ఆటాతో చేస్తే తవుడు పొట్టు గ్లూటెన్ (పిండిని సాగేలా పట్టి ఉంచే ప్రోటీన్) పొరల్ని కోసేస్తుంది, సాగదీస్తుంటే చిరుగుతుంది, అది పిజ్జా కన్నా రొట్టెకు దగ్గర. ఆటా ఎక్కువ నీళ్లు తాగుతుంది. సగం సగం అయితే 500కు 325 నీళ్లు, 40 నిమిషాలు నాననివ్వండి.

రెడీమేడ్ బేస్‌ల మీద ఇప్పుడు జీఎస్టీ తగ్గిందని కొనేవాళ్లున్నారు, పిజ్జా బ్రెడ్‌కు 5 నుంచి సున్నా అయిన మాట నిజమే. కానీ ఇంటి ముద్ద ఒకటి 8 రూపాయల లోపు పడుతుంది, బేస్‌కు అంతకు రెట్టింపు పైనే. రుచిలో తేడా ఇంకా ఎక్కువ.

#19 హన్మకొండ వంటిల్లు

చాలా ఉపయోగపడే సమాచారం, అందరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి. పిండి సాగదీస్తుంటే మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది, బలవంతం చేస్తే చిరుగుతుంది. అంచు తెల్లగా పాలిపోయి ఉంటుంది. 500 గ్రాముల ఈస్ట్ ప్యాకెట్ చవక అంటున్నారు, అంత కొంటే పాడవదా?

#20 పిండిలెక్క

ముడుచుకోవడం: పిండి ఇంకా చల్లగా ఉంది లేదా ముద్ద కట్టి ఎక్కువసేపు కాలేదు. మూతపెట్టి ఇంకో 20 నిమిషాలు వదిలేయండి, మళ్లీ ముద్ద మాత్రం చేయకండి. చేస్తే బిగువు మొదటికొస్తుంది. విశ్రాంతి ఇచ్చినా ముట్టుకోగానే చిరుగుతుంటే, పుల్ల వాసన కూడా ఉంటే అది వేరే సంగతి, పులిసి గ్లూటెన్ చచ్చింది. దాన్ని అప్పడాల కర్రతో పలచగా చేసి పెనం పిజ్జాకు వాడేయండి.

తెల్లటి అంచుకు రెండు కారణాలు. ఓటీజీ డయల్ 250 చూపించినా లోపల 220 ఉండటం మొదటిది. రాడ్ ఎర్రగా మెరుస్తున్న సమయంలోనే పిజ్జా పెట్టండి, తలుపు తీసిన ప్రతిసారీ వేడి బాగా పడిపోతుంది. పిండి మరీ ఎక్కువ రోజులు ఉండి ఈస్ట్ చక్కెరంతా తినేయడం రెండోది. మూడో రోజు దాటే పిండికి పంచదార 5 బదులు 8 గ్రాములు వేయండి. అంచుకు నూనె రాస్తే కాస్త మెరుగు.

ఈస్ట్ 500 గ్రాముల ప్యాకెట్ గ్రాము లెక్కన చిన్న సాషేల కన్నా ఎంతో చవక. కానీ పిండికి 2 గ్రాములు వాడే ఇంటికి అది ఏళ్లు వస్తుంది. నలుగురు కలిసి పంచుకోండి. గాలి చొరని సీసాలో ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే మూతపెట్టి లోపల పెట్టేస్తే ఏడాది దాటినా పని చేస్తుంది. అనుమానం వస్తే 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో అర చెంచా పంచదార, ఒక చెంచా ఈస్ట్ వేయండి. 10 నిమిషాల్లో పైన నురగ గట్టిగా కట్టకపోతే అది పిండిలో వేయొద్దు.

#21 చీజ్ లేబుల్

ఒక చిన్న చేర్పు, కూరముక్కల గురించి ఎవరూ చెప్పలేదు. ఉల్లి, క్యాప్సికమ్ పచ్చివి వేసేటట్లయితే పలచగా తరిగి పిజ్జాకు మొత్తం 60 గ్రాములు దాటనివ్వకండి. పుట్టగొడుగులు నూనె లేకుండా పెద్ద మంట మీద వేయించి నీళ్లు ఇంకాక వేయాలి, పచ్చివి వేస్తే పిజ్జా మీద చెరువే. స్వీట్‌కార్న్ ఉడికించి బట్టమీద ఆరబెట్టండి. చికెన్ ఎప్పుడూ పూర్తిగా ఉడికించినదే, 8 నిమిషాల ఓవెన్‌లో పచ్చి చికెన్ ఉడకదు. రాత్రి మిగిలిన పొడికూర, వేపుడు ఏదైనా పనికొస్తుంది, మసాలా గ్రేవీ మాత్రం వద్దు.

#22 మదనపల్లె టమాటా

మిగిలిన ముద్దల్ని గడ్డకట్టించేవాళ్లు పొంగాక కాదు, మర్దించి ముద్ద కట్టిన వెంటనే నూనె రాసి కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో కొంత ఈస్ట్ చస్తుంది కాబట్టి ఆ పిండికి 2 బదులు 3 గ్రాములు. నెల లోపు వాడాలి. ముందు రోజు రాత్రి కింది అరలోకి మార్చి, కాల్చే ముందు రెండు గంటలు బయట ఉంచాలి. సాస్, చీజ్ కవర్లు, ముద్దలు మూడూ ఒకే అరలో తేదీ రాసి పెట్టుకుంటే ఏది ముందు వాడాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.